జల్లెడలో మిగిలిన జీవి

జల్లెడలోంచి వచ్చిన పందొమ్మిదో చీటీ కూడా ఎర్రగానే ఉంది.

నూకరత్నం బడి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి చీటీ రంగు చూసింది. పేరు మాత్రం వినకూడదనుకుంది. ల్యాబు నుంచి వచ్చిన ఉద్యోగి రేషను కార్డు నంబరు చదివినట్టు చదివేశాడు. "మోక్షిత, రెండో తరగతి. నాలుగో వర్గం."

ఏడేళ్ల మోక్షిత అరచెయ్యి ఇంకా గాజు పలక మీదే పెట్టుకుని ఉంది. "అమ్మా, తీసెయ్యనా?" అని అడిగింది.

జల్లెడ చూడ్డానికి కుట్టుమిషను పెట్టె అంత ఉంటుంది. పలక మీద అరచెయ్యి ఆనించి, దూదిపుల్లతో నోట్లో తడి తీసి ఇస్తే చాలు. మనిషి ఒంటి మీదా నోట్లోనూ కాపురముండే సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, ఏ తెగదో తేల్చి, మూడు నిమిషాల్లో ఆ మనిషికి ఒక వర్గం ఇచ్చేస్తుంది. మేలు చేసేవి ఎక్కువుంటే తెల్ల చీటీ. ఉన్నా లేనట్టుండేవి ఎక్కువుంటే ఆకుపచ్చ. కీడు చెయ్యగలిగినవి కనబడితే పసుపు. జల్లెడకి పేరు తెలియని జీవి, అందులోనూ మిగిలినవాటిని తొక్కేసి పెరిగిపోయేది కనబడితే ఎరుపు. రెండేళ్ల కిందట భీమిలి దాటాక తీరం పొడుగునా పిల్లల్ని పట్టుకుపోయిన జ్వరం అలాంటి పేరు లేని జీవితోనే మొదలైంది. నూకరత్నం అక్క కూతురు కూడా ఆ జ్వరంలోనే పోయింది. అప్పటినుంచి ఎర్ర చీటీ వస్తే, ఎవరికీ అంటకుండా విడిగా ఉంచే వేరు బ్లాకుకే. దానికి మారుమాట లేదు.

"బాబూ, ఇంకోపాలి సూడండి" అంది నూకరత్నం. "ముందు పిల్ల సెయ్యి తడి గాజు మీద ఉండిపోయుంటాది."

"ప్రతి పిల్లకీ తుడుస్తున్నామమ్మా."

"పందొమ్మిది మందీ మా ఐసు ఫేట్రీ లైను పిల్లలే. మిగతా బడికంతా తెల్లవీ ఆకుపచ్చవీ వొచ్చినాయి. మీకు ఇడ్డూరంగా లేదేటి?"

"దాన్నే వ్యాప్తి అంటారమ్మా" అని అతను మోక్షిత చేతికి ఎర్ర పట్టీ కట్టాడు.

తెల్ల వ్యాను గేటు దగ్గర తలుపులు తెరుచుకుని ఉంది. మోక్షిత రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నా సంచీ క్లాసులో ఉండిపోయింది. అందులో క్యారేజీ ఉంది" అంది. ఆ జ్వరం నాటినుంచీ నూకరత్నం ఊహించని కీడంటూ లేదు. పిల్ల రెండుసార్లు దగ్గితే మూడోది ఎప్పుడొస్తుందా అని మంచం పక్కన కూర్చునేది. జడ కట్టు వదులైతే అది దేనికైనా చిక్కుకుంటుందేమోనని భయపడేది. ఇన్ని భయపడింది గానీ, పిల్ల ఆ వ్యానెక్కడానికి తానే కారణమవుతుందని మాత్రం అనుకోలేదు. అప్పటికి ఆ సంగతి ఆమెకి ఇంకా తెలియదు.

*

అంతకు రెండు రోజుల ముందు, శనివారం, బడి నుంచి ఒక కాగితం వచ్చింది. కింద ల్యాబు ముద్ర ఉంది. సోమవారం సూక్ష్మజీవుల వర్గీకరణ పరీక్ష, పిల్లలను శుభ్రంగా తయారుచేసి పంపగలరు, అంతే. నూకరత్నం తొమ్మిదో తరగతి తప్పింది. కాగితం చదవడం ఆమెకి కష్టం కాదు, చదివాక ఊరుకోవడమే కష్టం. శుభ్రంగా అంటే ఎంత శుభ్రంగా? మామూలు సబ్బు సరిపోతే ప్రత్యేకంగా రాయడమెందుకు?

ఆమె పని ఆ ల్యాబులోనే. గాజుగిన్నెలు కడుగుతుంది. అక్కడ బల్లలు తుడిచే నీలం నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు తగిలిన చోట ఏదీ బతకదని మూడేళ్లుగా చూస్తోంది. అందుకే శనివారం సాయంత్రం పని నుంచి వస్తూ ఒక సీసాడు సంచిలో పెట్టుకొచ్చింది. ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గర ఆడవాళ్లంతా చేరి, కాగితం పట్టుకుని ఆమె మొహం చూశారు. లైను మొత్తానికి ల్యాబులో పనిచేసేది తనొక్కతే మరి.

"బకెట్టుకి రెండు మూతలు పొయ్యండి" అని చెప్పింది. "తలకాడి నించి కాళ్లదాకా రుద్దండి. ఒక చుక్క నీల్లలో కలిపి పుక్కిలించి ఉమ్మించండి. మింగనివ్వకండి."

ఆమె మొగుడు పైడిరాజుకి అంతకు ముందు నెల ఐసు దిమ్మ పడి కాలు చీరుకుపోతే చీము పట్టకుండా డాక్టరు రాసిన మాత్రలు సగం మిగిలాయి. అవి కూడా పంచిపెట్టింది, పిల్లకి సగం చొప్పున. "కడుపులోవి కూడా సచ్చిపోవాల గదా" అంది. పక్కింటి సన్యాసమ్మ తన అయిదేళ్ల జాహ్నవికి సగం మాత్ర బెల్లంలో పెట్టి మింగించి, "నువ్వుండబట్టి సరిపోయిందే రత్నం. మాకేటి తెల్సు" అంది. పెళ్లయి ఈ లైనుకొచ్చాక ఎవరూ నూకరత్నాన్ని అంత గౌరవంగా చూడలేదు.

సోమవారం సాయంత్రం ఆ ఆడవాళ్లంతా మళ్లీ ఆమె గుమ్మం ముందే కూర్చున్నారు.

"ఆ బ్లాకులో ఏటి సేత్తారే? నీకు తెల్సు గదా."

"సూత్తారు" అంది నూకరత్నం. "రెండ్రోజులు సూసి వదిలేత్తారు."

వదలరని ఆమెకి తెలుసు. గురువారం పొద్దున్న ప్రక్షాళన చేస్తారు. నాలుగు మందులు వరసగా ఎక్కిస్తే ఒంట్లో చర్మం నుంచి పేగుల దాకా ఒక్క సూక్ష్మజీవి మిగలదు. తర్వాత ల్యాబులో పెంచిన ఎనిమిది మంచి జాతుల్ని లోపలికి పంపి, పిల్లకి కొత్త చీటీ ఇస్తారు, తెల్లది. పోయిన ఏడాది అలా తెల్లచీటీ తెచ్చుకున్న ఒక పిల్ల నెలకోసారి ల్యాబు కిటికీ దగ్గరకి పొడి పొట్లాల కోసం వస్తుంది. పదేళ్లది, ఆరేళ్ల దానిలా ఉంటుంది. ఆ పొట్లం లేకపోతే అన్నం అరగదు. ఒకసారి చేప ముక్క తిని మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఎనిమిది జాతులకి చేప అరిగించడం చేతకాదని వాళ్లమ్మే నూకరత్నంతో చెప్పింది. "ముందు దీని కడుపులో ఎన్ని జాతులుండేవో ఎవరికీ తెలవదు. మళ్లీ తెచ్చియ్యమంటే ఎక్కడ్నుంచి తెస్తారు?" అంది.

పైడిరాజు గోడకి చేరబడి కూర్చున్నాడు. "అన్నిటికీ భయపడతావు, ఇప్పుడు మాటాడవేటే?" అన్నాడు.

"నాకు తెల్సింది మాటాడితే ఈ లైన్లో ఏ తల్లీ రేత్రికి తొంగోదు" అంది ఆమె. అతనికి అర్థం కాలేదు.

*

మంగళవారం ల్యాబులో పరీక్షలు అయిపోయిన గాజుగిన్నెలు, పిల్లల నోటి తడి వేసి సూక్ష్మజీవుల్ని పెంచినవి, ట్రేలలో కిందికి దిగాయి. వాటిని ఆవిరి డ్రమ్ములోకి ఎక్కించి ఉడకబెట్టి, తర్వాత కడగడం ఆమె పని. ఎక్కించే ముందు మూతల మీద నంబర్లు పుస్తకంలో టిక్కు పెట్టాలి.

చేరిన కొత్తలో హైమవతి మేడమే ఆమెని కూర్చోబెట్టి ఈ గిన్నెల్లో ఏముంటాయో చెప్పింది. జల్లెడ కనిపెట్టింది ఆవిడే. తెలియకపోతే భయపడతావు, తెలిస్తే జాగ్రత్తపడతావు అంది. గుండ్రంగా ఉండేవి కొన్ని, వాటిలో గుత్తులు కట్టేవీ దండలా ఉండేవీ వేరు. సన్నపుల్లల్లా ఉండేవి కొన్ని. మెలి తిరిగినవి కొన్ని. రంగు వేసి కడిగితే ఊదా రంగు పట్టుకుని ఉండేవి ఒక తెగ, వదిలేసి గులాబీగా మారేవి ఇంకో తెగ. బూజులదీ ఈస్టులదీ వేరే వంశం. వైరస్‌లు మరీ వేరు, వాటిని ప్రాణి అనాలో వద్దో పెద్ద చదువులవాళ్లకే తేలలేదు. ప్రతిదానికీ ఇంటిపేరొకటి, సొంత పేరొకటి. ఒకే ఇంటిపేరులో ఒకడు పెరుగు తోడుపెడతాడు, ఇంకొకడు ప్రాణం తీస్తాడు. నూకరత్నానికి పేర్లు నోరు తిరగలేదు గానీ మొహాలు గుర్తుండిపోయాయి. గిన్నెలో చుక్కలా పెరిగిన గుంపుని చూసి ఇది మొన్నటిదే అని చెప్పగలదు.

ఆ రోజు ట్రేలో పందొమ్మిది ఎర్ర మూతల గిన్నెలున్నాయి. ఏడో మూత మీద మోక్షిత నంబరు ఉంది. మూత తియ్యకుండా పైనుంచే చూసింది.

చుక్కలు లేవు. బూడిద రంగు పొర ఒకటి, గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, గంజి తొరకలా పరుచుకుని ఉంది. ఎనిమిదో దానిలోనూ అదే. పందొమ్మిదింటిలోనూ అదే.

ఆ పొరని ఆమె ఎరుగును. సెలవు రోజు వచ్చే ముందు తన రాతిబల్లని నీలం నీళ్లతో తుడిచేసి వెళుతుంది. మళ్లీ పనికి వచ్చేసరికి బల్ల మూలలో సరిగ్గా ఇలాంటి జిగురే పడుతుంది. ఇంకేమీ ఉండదు, ఇదొక్కటే. తుడవకుండా వదిలేసిన వారాలు మాత్రం రాదు.

నూకరత్నం పక్క ట్రే లాగింది. అవి వేరే బడివి, అన్నీ తెల్ల మూతలే. ఒక్కో గిన్నెలో యాభై అరవై చుక్కలు, తెల్లవి, పసుపువి, గులాబీవి, ముత్యమంత ఒకటి, మొటిమంత ఒకటి, సంతలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. వాటి సందులో వెతికింది. దొరికింది. నువ్వుగింజంత బూడిద చుక్క, కదలడానికి చోటు లేక ముడుచుకుని ఉంది. ఇంకో గిన్నెలోనూ ఉంది. పది తెల్ల మూతలు చూస్తే తొమ్మిదింట్లో ఉంది.

అది ఎక్కడినుంచో వచ్చింది కాదు. అందరి ఒంట్లోనూ ఉన్నదే. మిగిలినవన్నీ ఉన్నంతసేపూ అదొక మూల పడి బతుకుతుంది. మిగిలినవన్నీ చస్తే గిన్నెంతా దానిదే. మిగిలినవాటిని చంపింది ఎవరు?

బకెట్టుకి రెండు మూతలు. తలకాడి నించి కాళ్లదాకా. ముందు తన మీద తనకి పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కనే ఇంకొకటి లేచింది. గిన్నెలు కడిగే తనకి కనబడింది. ఇంత మంది కళ్లద్దాలవాళ్లలో ఒక్కరికి కూడా కనబడలేదా?

ఒక ఎర్ర మూత గిన్నె, ఒక తెల్ల మూత గిన్నె చెరో చేత్తో పట్టుకుని మేడ మెట్లెక్కింది.

*

హైమవతి బల్ల దగ్గర స్టీలు డబ్బాలో పెరుగన్నం తింటోంది. ఆవిడకి యాభై అయిదు దాటాయి. జుట్టు కురచగా కత్తిరించుకుంటుంది. నూకరత్నం చేతుల్లో గిన్నెలు చూసి చెంచా ఆపేసింది.

"అవి పైకి తేకూడదని తెలీదా?"

"సూడండి మేడమ్. తరవాత తిట్టండి."

హైమవతి చూసింది. నూకరత్నం చూపించిన చుక్కని భూతద్దం పెట్టి మరీ చూసింది.

"ఇది అందరిలోనూ ఉంటే జల్లెడ ఎప్పుడో పేరు పెట్టేది" అంది.

"నూటికొకటి కన్నా తక్కువున్నదాన్ని మీ మిషను లెక్కలోకి తీసుకోదని మీరే సెప్పినారు. నువ్వుగింజంత ఉన్నన్నాళ్లూ దానికి కనబడలేదు. ఇల్లు ఖాళీ అయ్యాక కనబడింది."

"ఖాళీ ఎందుకవుతుంది?"

నూకరత్నం సీసా నుంచి మాత్రల దాకా అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ నేల చూసింది.

హైమవతి డబ్బా మూత పెట్టింది. "బల్లలకి వాడే ద్రావణం పసిపిల్లల ఒంటికి రాయించావా? ఎవరిచ్చారు నీకు?"

"ఎవులూ ఇయ్యలేదు. నేనే తీసుకెల్లినాను."

"నిన్ను ఈ పూటే పనిలోంచి తీసెయ్యాలి."

"తీసెయ్యండి. పిల్లల్ని మాత్రం వదలండి."

"అలా ఎలా వదులుతాను? నీ నోటిమాట మీద పందొమ్మిది చీటీలు కొట్టేశాననుకో. నువ్వు పొరపాటు పడ్డావనుకో. మళ్లీ ఆ జ్వరం మొదలైతే? నేను ఎంత మంది పిల్లల్ని చూశానో నీకు తెలుసా ఆ ఏడాది?"

"నాకు తెల్సు. మా అక్క కూతుర్ని నా సేతుల్తోనే మోసినాను."

హైమవతి రెండు గిన్నెల్నీ పక్కకి జరిపింది.

"మల్లీ పరీచ్చ సెయ్యండి" అంది నూకరత్నం.

"ఈ ఉదయం చేశాం. మళ్లీ ఎరుపే."

"అక్కడ పిల్లలకి తానం దేంతో సేయిస్తన్నారు?"

జవాబు హైమవతి చెప్పనక్కర్లేదు. వేరు బ్లాకుకి వెళ్లే నీలం నీళ్ల డబ్బాలు నింపేది నూకరత్నమే. రోజుకి రెండు పూటలా స్నానాలు, నేల తుడవడం మూడుసార్లు.

"మీరు కడుగుతూనే ఉంటారు, అది ఎరుపు సూపిత్తానే ఉంటాది" అంది నూకరత్నం. గొంతు పెరిగింది. "పిల్లల్ని శుభ్రంగా పంపమని కాయితం రాసింది మీరు. ముందు రోజు ఏటి సేసినారమ్మా అని ఒక్క తల్లినైనా అడిగినారా? మీ పారంలో ఎన్ని గళ్లున్నాయి? పేరుకి గడి, ఊరికి గడి, దగ్గుకి గడి. తల్లికి లేదేటి?"

"నూకరత్నం, కిందికి వెళ్లు."

"నేను తప్పు సేసినాను. నాకు బుద్ధి లేదు, సదువు లేదు, భయం ఒకటే ఉంది. మీకన్నీ ఉన్నాయి గదా, మీరెందుకు సేసినారు?"

"గురువారం ప్రక్షాళన ఆగదు" అంది హైమవతి. "రుజువు లేకుండా ఆపలేను."

*

ఆ సాయంత్రం కుళాయి దగ్గర నూకరత్నం నీలం నీళ్ల సంగతి అందరి ముందూ చెప్పింది. సన్యాసమ్మ ఒక్కతే లేచింది. చేపలమ్మి అప్పుడే వచ్చింది, చేతులింకా కడుక్కోలేదు.

"నువ్వు పోయించిన నీల్లేనేటే నా గుంటని పట్టుకుపోయినాయి?"

"అవునప్పా."

"సదువుకున్న పంతులమ్మలాగ సెప్పినావు గదే. రెండు మూతలని, నోరు పుక్కిలించాలని." ఎదురుగా ఉన్న బకెట్టుని కాలితో తన్నింది. నీళ్లు నూకరత్నం పాదాల మీంచి పారాయి. "ఏటీ తెల్దని మేవు మూల కూకుంటాం. నీకు సగం తెల్సు. సగం తెల్సినోల్లే సంపేత్తారు."

నూకరత్నం ఇంటికి వెళ్లి దడి చాటున బకెట్టులో నీళ్లు పోసి రెండు మూతలు నీలం నీళ్లు కలిపింది. తలకాడి నించి కాళ్లదాకా రుద్దుకుంది. పుక్కిలించి ఉమ్మింది. మిగిలిన మాత్రలు రెండు మింగింది. పైడిరాజు కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిచ్చెక్కిందేటే నీకు?"

"రుజువు కావాలంట మావా. ఇత్తాను."

*

ల్యాబు గేటు దగ్గర పనివాళ్లందరూ రోజూ పొద్దున్న జల్లెడలో చెయ్యి పెట్టే లోపలికి వెళ్లాలి. మంగళవారం ఆమెది తెల్లచీటీ. బుధవారం ఎర్రగా వచ్చింది. గేటు కాపలాదారు మూడడుగులు వెనక్కి వేశాడు.

హైమవతి మాస్కు కట్టుకుని దిగివచ్చింది. చీటీ చూసింది. నూకరత్నం మొహం చూసింది.

"నీకూ అంటింది" అంది.

నూకరత్నానికి ఒక్క క్షణం ఆ మాట బుర్రకెక్కలేదు. "అంటలేదు మేడమ్. రుద్దుకున్నాను. నిన్న సాయంత్రం. నిన్న పొద్దున్న ఇదే మిషను నాకు తెల్లది ఇచ్చినాది. పిల్ల నాకాడ లేక రెండ్రోజులు."

"తల్లివి. ఒకే మంచం మీద పడుకున్నారు. కొందరిలో ఆలస్యంగా బయటపడుతుంది. ఇప్పుడు పెద్దవాళ్లకి కూడా పాకుతోందని రాయాలి."

రుజువు ఇద్దామని తెస్తే దాన్ని తిప్పి తన పిల్ల మెడకే కడుతోంది ఈవిడ. నూకరత్నానికి కళ్లు మండాయి. సంచిలోంచి సీసా తీసి గేటు బల్ల మీద పెట్టింది. అడుగున ఇంకా రెండు మూతలు మిగిలాయి.

"అయితే మీరు రుద్దుకోండి."

"ఏమిటీ?"

"మీ మంచం మీద మా పిల్లలెవులూ తొంగోలేదు గదా. మీకు అంటడానికి దారి లేదు. రోజూ ఈ నీల్లు తగలని సెయ్యే పెట్టినారు దీని మీద. ఒక్కపాలి కడుక్కున్న సెయ్యి పెట్టండి." వేరు బ్లాకు వాళ్లు తొడుగులు వేసుకుని ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఆమె విదిలించుకోలేదు. "తెల్లది వొత్తే నన్నూ నా పిల్లనీ ఏటైనా సేసుకోండి. సంతకం పెట్టి ఇత్తాను."

హైమవతి సీసాని ముట్టుకోలేదు. నూకరత్నాన్ని తీసుకుపోతుంటే మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. సీసా అక్కడే ఉంది, ఆవిడా అక్కడే నిలబడి ఉంది.

*

వేరు బ్లాకులో రెండు గదులు. మొదటిదానిలో పదకొండు మంది పిల్లలు, రెండోదానిలో మోక్షితతో కలిపి ఎనిమిది మంది. తల్లిని చూడగానే మోక్షిత పరిగెత్తుకు రాలేదు, మంచం మీదే ఉండి చేతులు చాపింది. మోచేతుల దగ్గర చర్మం ఎండిన చెరువులా పగిలింది.

"అమ్మా, నాలో పురుగులున్నాయంట."

"అందరిలోనూ ఉంటాయి."

"చెడ్డవా?"

నూకరత్నం ఆలోచించింది. "మన లైన్లో గొడవలు పెట్టుకునే అప్పన్న లేడా? ఇంతమందిమి ఉన్నాం కాబట్టి ఆడు ఒక మూల పడుంటాడు. మనందరం ఎల్లిపోతే?"

"లైనంతా ఆడిదే."

"అదే అయ్యింది నీ ఒంట్లో. నేనే అందర్నీ తరిమేసినాను."

"మరి మళ్లీ పిలు" అంది మోక్షిత, అదేమంత పెద్ద పనన్నట్టు.

ఆ మధ్యాహ్నం స్నానాలు చేయించడానికి వచ్చిన నర్సుని ఆమె పిల్లల దగ్గరకి రానివ్వలేదు. సాయంత్రమూ రానివ్వలేదు. నర్సు విసుక్కుని, "రేపు ఎలాగూ ప్రక్షాళనే కదా. తొమ్మిదింటికి" అని వెళ్లిపోయింది. నూకరత్నం ఆ తొమ్మిదినే పట్టుకుని కూర్చుంది. అప్పటిలోగా హైమవతి వస్తుందనీ రాదనీ వందసార్లు అనుకుంది. వస్తుందనుకున్నప్పుడల్లా తానే దాన్ని కొట్టిపారేసింది, మంచి జరుగుతుందనుకోవడం ఆమెకి అలవాటు లేదు.

గురువారం ఇంకా ఎనిమిది కూడా కాకముందే వసారాలో బండి చక్రాల చప్పుడైంది. ఆమె ఒక మంచాన్ని ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టి దాని మీద కూర్చుంది.

"తలుపు తియ్యమ్మా" అంది నర్సు బయటి నుంచి. "మొదటి గదిలో ఎవరూ ఇంత గొడవ చెయ్యలేదు."

మొదటి గదిలో. నూకరత్నం తలుపు వైపు వంగింది. "మొదటి గదిలో ఏటి సేసినారు?"

జవాబుకి బదులు వసారాలో ఎవరో వేగంగా నడుస్తున్న చప్పుడు, ఆపమంటున్న గొంతు వినిపించాయి. బండి ఆగింది. "నూకరత్నం, నేను" అంది ఆ గొంతు.

మంచం పక్కకి జరిపింది. హైమవతి మాస్కు లేకుండా, చేతులకి తొడుగులు లేకుండా లోపలికొచ్చింది. మోచేతుల దాకా చర్మం కందిపోయి ఉంది. నీలం నీళ్ల వాసన ఆవిడకంటే ముందొచ్చింది. చేతిలో ఎర్ర చీటీ ఉంది.

"ఆపేశాను" అంది. "ఈ గదికి ఏమీ చెయ్యరు. నువ్వు చెప్పిందే నిజం."

పిల్లలు మంచాల మీంచి చూస్తున్నారు. నూకరత్నం అడగాల్సింది ఒకటే. "మొదటి గది?"

"ఆరింటికే మొదలుపెట్టారట. నాకు చెప్పలేదు. పదకొండు మందికీ మొదటి మందు ఎక్కింది."

"జాహ్నవికి?"

హైమవతి తలూపింది.

"మీ సీటీ ఎప్పుడొచ్చినాది?"

"నిన్న సాయంత్రం అయిదింటికి."

"అయిదింటికి." నూకరత్నం గొంతు చాలా చిన్నగా వచ్చింది. "అయిదింటికి వొత్తే ఇప్పుడేటి రావడం?"

"మొదట నమ్మలేదు. పలక సరిగ్గా తుడవలేదేమో అనుకున్నాను. ఎనిమిదింటికి మళ్లీ పెట్టాను. పొద్దున్నే ఇంకోసారి పెట్టాను."

"మూడుపాల్లు."

"అవును."

"మీ ఎరుపు నమ్మడానికి మీకు మూడుపాల్లు పట్టినాది. మా పిల్లల ఎరుపు ఒక్కపాలికే నమ్మేసినారు." ఆమె అరవలేదు. అరిస్తే హైమవతికి తేలికయ్యేదేమో. "సోమారం మా గుంటలందరికీ పట్టీలు కట్టినారు. మీ సేతికేదీ?"

హైమవతి మంచం అంచు మీద కూలబడింది. "ఒక్క మందే ఎక్కింది. దాంతో అన్నీ చావవు. సగం పోతాయి, మిగిలినవి పుంజుకోవచ్చు. పోయినవాటిని ఆ పిల్లలు మళ్లీ తెచ్చుకోవచ్చు కూడా."

"ఎక్కడ్నించి?"

"వాళ్లతో కలిసి తిని, కలిసి పడుకున్నవాళ్ల నుంచి. కానీ అది కూడా ఇవాళ, రేపట్లోనే జరగాలి. ఖాళీ ఇంట్లోకి ఎవరు ముందొస్తే వాళ్లదే చోటు."

"గేటు దగ్గిర మా లైను తల్లులంతా ఉన్నారా?"

"తెల్లారకముందు నుంచీ ఉన్నారు."

"రమ్మనండి."

"సరే. చేతులు కడిగించి పంపమంటాను" అని హైమవతి లేచింది, లేస్తూనే ఆగిపోయింది.

"కడగొద్దు" అంది నూకరత్నం.

తల్లులు వచ్చారు. ఇంట్లోంచి ఎలా లేచి వచ్చారో అలాగే, చేపల వాసనతో, చెమటతో, చీర కొంగుకి పొయ్యి మసితో. సన్యాసమ్మ ఎవరినీ చూడకుండా మొదటి గదిలోకి పోయి జాహ్నవిని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల తెల్లగా పాలిపోయి, వాంతి చేసుకుని ఉంది. తల్లి కొంగుతోనే దాని నోరు తుడిచి, ఆ బుగ్గకి తన బుగ్గ ఆనించి కూర్చుంది.

నూకరత్నం గుమ్మం దాటి లోపలికి వెళ్లబోయి ఆగింది. ఆమె ఒంటి మీద ఇవ్వడానికేమీ లేదు. ఉన్నది ఆ బూడిదరంగుది ఒక్కటే. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

మోక్షిత ఆమె కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. సన్యాసమ్మ తలెత్తి పిల్లని చూసింది.

"రాయే గుంటా. నువ్వు కూడా రా" అని చెయ్యి చాపి, మోక్షితని రెండో తొడ మీద కూర్చోబెట్టుకుని దగ్గరకి అదుముకుంది.

తర్వాత ఇటు తిరక్కుండానే అంది, "నువ్వు మాత్రం అక్కడే నిలబడు."

నూకరత్నం నిలబడింది.